అభ్యర్థి వెళ్లిపోయాక గదిలో మిగిలేది: ఇంటర్వ్యూలో మంచి అభిప్రాయం ఎలా ఏర్పడుతుంది?

ఉద్యోగ ఇంటర్వ్యూ ముగిసి అభ్యర్థి బయటికి నడిచాక లోపల ఇంకొక పని మొదలవుతుంది. ప్రశ్నలు అడిగిన వ్యక్తి తన ముందున్న కాగితం మీద మార్కులు వేసి, వాటి పక్కన నాలుగు ముక్కలు రాయాలి. ఆ సాయంత్రమో మరునాడో, అభ్యర్థిని కంటితో కూడా చూడని పై అధికారి ముందో, మరో ఇద్దరు ముగ్గురు సభ్యుల ముందో కూర్చుని ‘ఈ మనిషినే ఎందుకు తీసుకోవాలి’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. అంటే అభ్యర్థి తరఫున వాదించే బాధ్యత, అభ్యర్థి అక్కడ లేని సమయంలో, అరగంటో ముప్పావుగంటో పరిచయమున్న ఒకరి మీద పడుతుంది. మంచి అభిప్రాయం కలిగించడాన్ని దుస్తులు, కరచాలనం, చిరునవ్వుల దగ్గరే ఆపేసే సలహాలు ఈ రెండో ఘట్టాన్ని మరచిపోతాయి. చూడగానే నచ్చడమన్నది అక్కడ ఎక్కువసేపు నిలిచే వాదన కాదు. దానికి ఆధారం కావాలి. ఆ ఆధారాన్ని అభ్యర్థే ఇచ్చి వెళ్లి ఉండాలి.

తొలిచూపుకు బలం లేదని దీని అర్థం కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో, సైన్యంలో అధికారులు తమ కింది వారికి వేసిన మార్కులను పరిశీలించాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడి అనేవి వేర్వేరు గుణాలు. అయినా వాటికి పడిన మార్కులు మాత్రం అనుమానం కలిగేంతగా ఒకదాని వెంట ఒకటి నడిచాయి. ఒక గుణం నచ్చిన మనిషిలో తక్కిన గుణాలన్నీ దాని వెలుగులోనే కనిపించడాన్ని ఇప్పుడు హేలో ఎఫెక్ట్ అంటున్నారు. 1946లో సోలమన్ యాష్ చేసిన ప్రయోగం క్రమానికి ఉన్న ప్రభావాన్ని చూపింది. తెలివైన, కష్టపడే, తొందరపడే, తప్పులెంచే, మొండి, అసూయగల అనే ఆరు విశేషణాలను కొందరికి ఇదే వరుసలోనూ, మరికొందరికి తలకిందుల వరుసలోనూ వినిపిస్తే, మొదటి వారికి ఆ మనిషి కొన్ని లోపాలున్న సమర్థుడిగా తోచాడు. రెండో వారికి లోపాల వల్ల సామర్థ్యం అక్కరకు రాకుండా పోయినవాడిగా తోచాడు. మాటలు అవే, ముందు విన్నది వెనక విన్నదాని అర్థాన్ని మార్చేసింది. ముఖం చూసి నమ్మదగిన మనిషో కాదో అంచనా వేయడానికి సెకనులో పదో వంతు చాలునని 2006లో జానైన్ విల్లిస్, అలెగ్జాండర్ తొదొరోవ్ చూపించారు. ఆ అంచనా నిజం కావాలని ఏమీ లేదు. ఎక్కువ సమయం ఇచ్చినప్పుడు ఆ అంచనా పెద్దగా మారలేదు. దాని మీద ధీమా మాత్రం పెరిగింది.

ఇవన్నీ కలిపి ‘మొదటి నాలుగు నిమిషాల్లోనే ఫలితం తేలిపోతుంది’ అనే మాటకు ప్రాచుర్యం వచ్చింది. 1950లలో కెనడాలో జరిగిన పరిశోధనలు ఈ మాటకు మూలం. తర్వాతి కాలంలో, 2016లో, వందలాది ఇంటర్వ్యూలను పరిశీలించినప్పుడు తేలిందేమిటంటే, ఎక్కువమంది ఐదు నిమిషాలు దాటాకే ఒక నిర్ణయానికి వచ్చారు. తొందరపడే వారు ఉన్నారు, కాని వారు అందరూ కారు. కాబట్టి గుమ్మంలో కాలు తడబడిందని మిగిలిన అరగంటను వదులుకోవడం ఎంత పొరపాటో, మొదట్లో అందరూ నవ్వారని తర్వాతి జవాబులను తేలిగ్గా తీసుకోవడం కూడా అంతే పొరపాటు.

తొలి అభిప్రాయం చేసే అసలు పని తీర్పు చెప్పడం కాదు, దారి మళ్లించడం. ఇది అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జరిగి 1974లో వెలువడిన ఒక ప్రయోగంలో. తెల్లజాతి విద్యార్థులు ఇంటర్వ్యూ చేసేవారుగా కూర్చున్నారు. ఎదుటికి వచ్చిన నల్లజాతి, తెల్లజాతి అభ్యర్థులు ఒకే విధంగా ప్రవర్తించేలా ముందే శిక్షణ పొందినవారు. అయినా నల్లజాతి అభ్యర్థుల విషయంలో ఇంటర్వ్యూ చేసేవారు కాస్త దూరంగా కూర్చున్నారు, మాట్లాడేటప్పుడు ఎక్కువగా తడబడ్డారు, త్వరగా ముగించేశారు. రెండో దశలో పరిశోధకులు ఈ రెండు తీరులనూ తెల్లజాతి అభ్యర్థుల మీదే ప్రయోగించారు. దూరంగా, పొడిపొడిగా ప్రశ్నలు ఎదుర్కొన్నవారు మామూలు ఆదరణ పొందినవారి కన్నా నాసిగా జవాబులు చెప్పారని, ప్రయోగం ఉద్దేశం తెలియని పరిశీలకులు తేల్చారు. అంటే ఎదుటివారు ముడుచుకుంటే అభ్యర్థీ ముడుచుకుంటాడు. అది చూసి ఎదుటివారు తమ అనుమానం నిజమైందనుకుంటారు. వివక్ష ఎలా పని చేస్తుందో చెప్పే ప్రయోగంగానే దీనికి పేరు, ఆ పేరు సమంజసమే. దానితో పాటు, ఇంటర్వ్యూలో ‘బాగా రాణించడం’ అన్నది అభ్యర్థి ఒక్కడి చేతిలో ఉన్న విషయం కాదని కూడా ఇది నిరూపిస్తుంది.

ఈ దృష్టితో చూస్తే తొలి నిమిషాల్లో అభ్యర్థి చేయగలిగింది పరిమితమే గాని విలువైనది: ఎదుటివారిని కుదురుగా, సావకాశంగా ప్రశ్నలు అడిగే స్థితిలోకి తేవడం. సమయానికి రావడం, పేరు స్పష్టంగా చెప్పడం, కూర్చోమనే దాకా ఆగడం, ఆ చోటికి నప్పే శుభ్రమైన బట్టలు, తేలికపాటి పలకరింపుకు ఒక్క ముక్కతో కాకుండా ఒకటి రెండు వాక్యాలతో బదులివ్వడం వంటివన్నీ ఈ కోవలోనివే. గట్టిగా, కుదురుగా చేయి కలిపిన వారికి ఇంటర్వ్యూ మార్కులు కొంత మెరుగ్గా పడ్డాయని 2008లో ఒక అధ్యయనం చూపింది. చేయి కలపడం ఆచారం లేని చోట నమస్కారం ఆ పని చేస్తుంది. వీటి గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. మనుషులు వీటిని గమనించేది లోపించినప్పుడే. ఉన్నప్పుడు ఎవరూ వీటిని కాగితం మీద రాసుకోరు.

బాడీ లాంగ్వేజ్ గురించి చెప్పే ప్రతి శిక్షణ తరగతిలోనూ వినిపించే ఒక లెక్కను ఇక్కడే పక్కన పెట్టాలి. మనం కలిగించే ప్రభావంలో మాటల వాటా 7 శాతమేనని, గొంతుది 38, ముఖ కవళికలది 55 శాతమని చెబుతుంటారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన అంకెలివి. అక్కడ వినిపించినవి విడివిడి పదాలు. అడిగింది మాట్లాడినవారికి ఇష్టం ఉందా లేదా అన్న ఒక్క విషయం. భావాలను, ఇష్టాయిష్టాలను తెలిపే సందర్భాలకే ఈ లెక్క వర్తిస్తుందని మెహ్రాబియనే స్పష్టం చేశారు. మాటలకు 7 శాతం విలువే ఉంటే ఇంటర్వ్యూను ఎదుటివారికి తెలియని భాషలో జరిపినా పెద్ద నష్టం ఉండకూడదు!

అసలు సరుకు జవాబుల్లో ఉంటుంది. ఇంటర్వ్యూ పద్ధతులు కాలక్రమంలో మారిన తీరు కూడా దీన్నే చెబుతుంది. 1980లో గ్యారీ లేథమ్, అతని సహచరులు ‘ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారు’ అని అడిగే పద్ధతిని, 1982లో టామ్ జాంజ్ ‘ఇలాంటి పరిస్థితి వచ్చినప్పుడు ఏం చేశారు’ అని అడిగే పద్ధతిని పరిశోధకుల ముందుకు తెచ్చారు. అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు వేసి, జవాబులకు ముందే నిర్ణయించుకున్న కొలతల ప్రకారం మార్కులు వేసేవి నిర్దిష్ట ఇంటర్వ్యూలు. నోటికొచ్చిన ప్రశ్నలతో కబుర్లలా సాగేవి రెండో రకం. పాల్ శాకెట్ బృందం 2022లో గత పరిశోధనలను తిరిగి లెక్కగట్టినప్పుడు, ఉద్యోగంలో చేరాక పనితీరు ఎలా ఉంటుందో చెప్పే శక్తి నిర్దిష్ట ఇంటర్వ్యూలకు 0.42గా, కబుర్ల ఇంటర్వ్యూలకు 0.19గా తేలింది. ఏ సంబంధమూ లేకపోతే సున్న, సంపూర్ణ సంబంధం ఉంటే ఒకటి అనే కొలత ఇది. ఎంపిక పద్ధతులన్నిటిలోకీ నిర్దిష్ట ఇంటర్వ్యూయే ముందు నిలిచింది గాని, దాని అంకె కూడా సగానికి చేరలేదని గమనించడం మంచిది. అభ్యర్థికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది: జరిగిన సంగతిని వివరంగా చెప్పమనే ప్రశ్న వచ్చినప్పుడు, ఎదురుగా ఉన్న కాగితంలో ఆ జవాబు కోసం ఒక గడి ఖాళీగా ఉంటుంది.

గోదాము పర్యవేక్షణ ఉద్యోగానికి వచ్చిన ఇద్దరిని ఊహించవచ్చు. సమస్యను ఎలా పరిష్కరిస్తారని అడిగితే మొదటి అభ్యర్థి, తాను ఒత్తిడిని తట్టుకోగలనని, బృందంతో కలిసిమెలిసి పని చేస్తానని, ఏ సమస్యనైనా సవాలుగా తీసుకుంటానని చెప్పారు. ఇందులో ఏ మాటా తప్పు కాదు, కాని వీటిలో ఏదీ రాసుకోదగ్గది కాదు. అంతకు ముందు గంటలో వచ్చినవారూ ఇవే మాటలు చెప్పి ఉంటారు. రెండో అభ్యర్థి ఇలా చెప్పారనుకుందాం: ‘ప్రతి నెలా గోదాములోని సరుకుకూ పుస్తకంలోని లెక్కకూ తేడా వచ్చేది. రెండు వారాల పాటు సరుకు దిగేటప్పుడు దగ్గరుండి చూశాను. రాత్రి దిగిన సరుకును పొద్దున నమోదు చేస్తున్నారని, ఈలోగా బయటికి వెళ్లింది లెక్కలోకి రావడం లేదని తెలిసింది. దించిన చోటే నమోదు చేసే ఏర్పాటు చేయించాను. రాత్రి పని వాళ్లు మొదట ఒప్పుకోలేదు. వాళ్లకు పెరిగిన పని తగ్గించడానికి ఫారం చిన్నది చేశాం. మూడో నెలకు తేడా చాలావరకు పోయింది. పగిలిన సరుకు లెక్క మాత్రం నేను మానేసే నాటికి కూడా సరిగ్గా కుదరలేదు.’

రెండో జవాబు బలం దాని నిడివిలో లేదు. వినేవారు దాన్ని మరొకరికి చెప్పగలరు: కారణాన్ని స్వయంగా వెతికారు, పద్ధతి మార్పించారు, ఎదురు తిరిగిన వారిని ఒప్పించారు. ఓపిక, పరిశీలన, కలుపుగోలుతనం అనే గుణాల పేర్లు అభ్యర్థి నోట రాలేదు. వాటిని వినేవారే తేల్చుకున్నారు. మనిషి తాను తేల్చుకున్నదాన్ని, తనకు చెప్పినదానికన్నా గట్టిగా సమర్థిస్తాడు. చివర్లో కుదరలేదని ఒప్పుకున్న ఒక్క వాక్యం, ముందు చెప్పినదంతా నమ్మదగినదిగా చేస్తుంది. తర్వాతి ప్రశ్న వచ్చినా భయం లేదు. ఫారంలో ఏం తీసేశారని అడిగితే, నిజంగా ఆ పని చేసిన మనిషి దగ్గర జవాబు ఉంటుంది. కల్పించినవాడి కథ మొదటి మెట్టు దగ్గర బాగానే ఉండి, మూడో ప్రశ్నకు నీళ్లు నములుతుంది.

ఇక్కడ తెలుగు మాట్లాడేవారికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. చేసిన పనిని ‘చేశాం’ అని బహువచనంలో చెప్పడం మనకు అణకువ. క్రియాపదం చివరే కర్త దాగి ఉంటుంది కనుక ఆ మాట తెలియకుండానే దొర్లిపోతుంది. కాని మార్కులు వేసేవారికి బృందం చేసిందేమిటో కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి చేసిందేమిటో కావాలి. ఆ భేదం చెప్పకపోతే అణకువ కాస్తా కప్పదాటులా వినిపిస్తుంది. అందరూ కలిసి చేసిన పని ఏది, అందులో తన చేతి మీదుగా జరిగింది ఏది అని విడదీసి చెప్పడం గొప్పలు చెప్పుకోవడం కాదు.

‘మీ గురించి చెప్పండి’ అనే ప్రశ్న చాలాసార్లు మొట్టమొదట వస్తుంది, అందుకే యాష్ ప్రయోగంలోని మొదటి విశేషణం స్థానం దీనికి దక్కుతుంది. రెజ్యూమెలో ఉన్నదాన్నే చిన్నప్పటి చదువు మొదలుకొని అప్పజెప్పడం ఆ స్థానాన్ని వృథా చేయడమే. ఇప్పుడు చేస్తున్న పని, దాని దాకా తెచ్చిన ఒకటి రెండు మలుపులు, ఈ ఉద్యోగం వైపు చూడడానికి కారణం చెబితే ఒకటిన్నర రెండు నిమిషాల్లో ముగుస్తుంది. తర్వాతి ప్రశ్నలు ఎటు రావాలో కూడా అక్కడే సూచన అందుతుంది. దీన్ని బట్టీ పట్టకూడదు. చిలకపలుకులు వినగానే పట్టుబడతాయి, పైగా మధ్యలో ఎవరైనా అడ్డు తగిలితే మళ్లీ మొదటికి రావలసి వస్తుంది.

లోపాల ప్రశ్నకు అరిగిపోయిన జవాబు ‘నేను మరీ ఎక్కువ కష్టపడతాను’. నిందలా కనిపించే పొగడ్త అది. ఓవుల్ సెజర్, ఫ్రాన్సెస్కా జీనో, మైకేల్ నార్టన్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఇలాంటి మారువేషపు గొప్పలు సూటిగా చెప్పుకున్న గొప్పల కన్నా కూడా తక్కువ మెప్పు పొందుతాయి. ఎందుకంటే వాటిలో గొప్పతో పాటు నటన కూడా కనిపిస్తుంది. నిజమైన లోపాన్ని, ఆ ఉద్యోగానికి ప్రాణప్రదం కానిదాన్ని ఎంచుకుని, దాన్ని అదుపులో పెట్టడానికి ఏం చేస్తున్నారో చెప్పడమే మేలు. ఉద్యోగం పోయిన సంగతి, మధ్యలో వచ్చిన ఖాళీ సంవత్సరాలు కూడా ఇంతే. ఒకటి రెండు వాక్యాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పి ముందుకు సాగితే అది సమాచారం. ఐదు నిమిషాలు సంజాయిషీ ఇస్తే అదే ఆరోపణ అవుతుంది.

పాత యజమాని గురించి చెడు మాట్లాడకూడదన్న సలహాకు మర్యాదను మించిన కారణం ఉంది. ఒకరు మరొకరి గుణాలను వర్ణిస్తుంటే, వినేవారు ఆ గుణాలను తమకు తెలియకుండానే వర్ణించేవారికే అంటగడతారని 1998లో జాన్ స్కౌరన్‌స్కీ, అతని తోటి పరిశోధకులు చూపారు. పై అధికారి కక్షగట్టేవాడని అభ్యర్థి చెబితే, వినేవారి జ్ఞాపకంలో కక్ష అనే మాట అతుక్కునేది అక్కడ లేని అధికారికి కాదు, ఎదుట ఉన్న ముఖానికి. మానేయడానికి కారణం నిజంగా ఆ అధికారే అయితే, మనిషిని వదిలి పరిస్థితిని చెప్పవచ్చు.

కంగారు విషయానికి వస్తే, దాన్ని దాచడానికి పడే అవస్థే ఎక్కువ నష్టం చేస్తుంది. లోపలి గుండెదడ బయటికి అందరికీ కనిపిస్తోందని మనిషి అనుకుంటాడు. నిజానికి అందులో కనిపించేది కొంతే. ఈ భ్రమ గురించి ముందే తెలిసిన వక్తలు, తెలియని వారికన్నా మెరుగ్గా మాట్లాడారని 2003లో కెనెత్ సావిట్స్కీ, థామస్ గిలోవిచ్ చేసిన ప్రయోగంలో తేలింది. మౌనం విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూస్తే, ఒకరి ప్రశ్నకూ మరొకరి జవాబుకూ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంది. అందుకే ఇంటర్వ్యూలో రెండు క్షణాలు ఆలోచిస్తే అది అభ్యర్థికి యుగంలా అనిపిస్తుంది. ‘ఒక్క నిమిషం ఆలోచించుకుని చెబుతాను’ అని పైకి అంటే ఆ నిశ్శబ్దానికి అర్థం మారిపోతుంది. తెలియని సంగతి అడిగితే తెలియదని చెప్పి, తెలుసుకోవడానికి ఎక్కడ మొదలుపెడతారో చెప్పడం కూడా రాసుకోదగ్గ జవాబే.

వీడియో ఇంటర్వ్యూలు ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే ఈ సున్నితమైన లయను తప్పిస్తాయి. శబ్దం చేరడంలో కాస్త ఆలస్యమైనా ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోతారు. తెరపై ముఖాన్ని చూస్తుంటే ఎదుటివారికి చూపు కిందికి వాలినట్టు ఉంటుంది. ఎదుటివారి మాట ముగిశాక అర క్షణం ఆగడం, ముఖ్యమైన వాక్యం చెప్పేటప్పుడు కెమెరా వైపు చూడడం, వెలుతురు వెనక నుంచి కాక ముందు నుంచి పడేలా కూర్చోవడం వంటి సర్దుబాట్లతో చాలావరకు సరిపోతుంది.

చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు ఏమీ లేదనడం చేజేతులా ఒక అవకాశం వదులుకోవడం. ముందే రాసుకొచ్చిన పెద్ద పెద్ద ప్రశ్నల కన్నా, ఆ ఇంటర్వ్యూలో వారు అన్న మాటను పట్టుకుని అడిగే చిన్న ప్రశ్న బలమైనది. కొనసాగింపు ప్రశ్నలు అడిగేవారిని ఎదుటివారు ఎక్కువ ఇష్టపడతారని 2017లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. దానికి కారణం, విన్నారన్న రుజువు ఆ ప్రశ్నలోనే ఉండడం. ఈ ఉద్యోగంలో చేరినవారు మొదటి ఆరు నెలల్లో ఏ పని పూర్తి చేస్తే మీకు సంతృప్తి కలుగుతుందని అడగడం అభ్యర్థికీ అక్కరకు వస్తుంది, ఎందుకంటే ఎంచుకునే హక్కు రెండు వైపులా ఉంది.

ఇంత చేసినా చేతిలో లేనిది కొంత మిగిలే ఉంటుంది. యూరి సైమన్‌సోన్, ఫ్రాన్సెస్కా జీనో ఎంబీఏ ప్రవేశాల కోసం పదేళ్లలో జరిగిన తొమ్మిది వేలకు పైగా ఇంటర్వ్యూలను పరిశీలించి 2013లో ప్రచురించిన దాని ప్రకారం, అదే రోజు అంతకు ముందు వచ్చినవారికి ఎక్కువ మార్కులు పడి ఉంటే తర్వాతి వారికి కాస్త తగ్గాయి. ఒక రోజులో అందరికీ మంచి మార్కులు వేయడానికి చేయి వెనకాడుతుంది. వరుసలో తన ముందు ఎవరు కూర్చున్నారో అభ్యర్థికి తెలియదు, తెలిసినా చేయగలిగింది లేదు. తిరస్కరణ వచ్చిన ప్రతిసారీ దానికి తన మాటల్లోనే కారణం వెతకడం అందుకే అన్యాయం.

ఇంటర్వ్యూ అయిన రోజే పంపే ధన్యవాదాల సందేశం సాధారణంగా లాంఛనంగానే మిగిలిపోతుంది. అది పనికొచ్చే సందర్భం ఒకటుంది: గదిలో సగం చెప్పి వదిలేసిన జవాబును గాని, తప్పుగా చెప్పిన అంకెను గాని మూడు వాక్యాల్లో సరిదిద్దవలసి వచ్చినప్పుడు. నిర్ణయం ఇంకా జరగకపోతే, ఆ మూడు వాక్యాలు కూడా వెళ్లి అదే కాగితాల దొంతరలో చేరతాయి.